అడగండి, చెబుతాం: మీకు మీరే రాసుకున్న పాత చీటీ దొరికితే...

ఎప్పుడో తమకు తామే రాసుకున్న చీటీ ఇన్నాళ్లకు బయటపడిందని, దాన్ని ఏం చేయాలో చెప్పమని పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. అందరికీ వర్తించే మాట ఒకటి ముందే చెప్పేస్తాం. చీటీ చేతికి రాగానే, దులపకముందే, మడత సరిచేయకముందే, ఎలా ఉన్నది అలాగే రెండువైపులా ఫొటో తీయండి. ఆ తర్వాత చేసే పనిలో ఏం పోయినా ఫొటో మిగులుతుంది.

ప్రశ్న: ఇరవై ఏళ్ల కిందట నేనే రాసి, చిన్నగా మడిచి పుస్తకంలో పెట్టుకున్న కాగితం దొరికింది. విప్పబోతే మడతల దగ్గర పెళపెళమని విరుగుతోంది. ఎలా విప్పాలి?

ముందు విప్పడం ఆపండి. చవక కాగితంలో కలప గుజ్జులోని లిగ్నిన్ అనే పదార్థం అలాగే ఉండిపోతుంది. కాలం గడిచేకొద్దీ అది ఆమ్లంగా మారి కాగితంలోని నారను తినేస్తుంది. మడత దగ్గర నార అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి విరుగుడు అక్కడే మొదలవుతుంది. ఇలాంటి కాగితానికి కావలసింది కొంచెం తేమ. తడి కాదు, తేమ. ఈ రెంటికీ తేడా తెలియకే చాలా చీటీలు పాడవుతాయి.

మొదట సిరాను పరీక్షించాలి. పుల్ల చివర దూది చుట్టి, నీళ్లలో ముంచి, బాగా పిండి, ఎక్కడైనా ఒక ఫుల్‌స్టాప్ మీద తాకించి చూడండి. దూదికి రంగు అంటితే ఆ కాగితానికి తేమ పెట్టకూడదు. ఫౌంటెన్ పెన్ నీలం సిరా, కొన్ని జెల్ సిరాలు ఇలా కారతాయి. మామూలు బాల్‌పెన్ సిరా నూనెలాంటి ద్రావకంతో చేసింది, సాధారణంగా నీటికి కదలదు. పెన్సిలు రాతకు ఏమీ కాదు.

రంగు అంటకపోతే మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. అడుగున అద్దుడు కాగితమో (బ్లాటింగ్ పేపరు), నాలుగు మడతల నూలుగుడ్డో తడిపి, గట్టిగా పిండి పరవండి. దాని మీద జల్లెడలాంటిది బోర్లించి, దాని పైన చీటీ పెట్టండి. చీటీ తడిగుడ్డకు ఎక్కడా తగలకూడదు. మూత లోపలివైపు పొడి అద్దుడు కాగితం ఒకటి అంటించండి. లేకపోతే ఆవిరి మూతకు పట్టి, చుక్కలై సరిగ్గా అక్షరాల మీదే పడుతుంది. మూత పెట్టి అరగంటకోసారి చూస్తూ ఉండండి. చాలా కాగితాలకు గంట నుంచి మూడు గంటలు పడుతుంది. అంచు పట్టుకుంటే గుడ్డలా మెత్తగా వాలిపోవాలి, అదే గుర్తు. అప్పుడు బయటి మడత నుంచి మొదలుపెట్టి, పల్చటి ప్లాస్టిక్ కార్డు లోపలికి జొనిపి, ఒక్కో మడతే తీయండి. ఎక్కడైనా బిగుసుకుంటే లాగకండి, మరో అరగంట డబ్బాలో ఉంచండి.

విప్పాక రెండు పొడి అద్దుడు కాగితాల మధ్య పరిచి, పైన అట్ట, అట్ట మీద నాలుగైదు బరువైన పుస్తకాలు పెట్టండి. గంటయ్యాక అద్దుడు కాగితాలు మార్చి, రాత్రంతా వదిలేయండి. 'పొద్దున చూద్దాంలే' అని చీటీని తేమ డబ్బాలోనే వదిలేస్తే బూజు పడుతుంది. త్వరగా అవుతుందని నీళ్లు చిలకరిస్తే గోధుమరంగు అంచుతో మరక కడుతుంది. ఇస్త్రీపెట్టె మాట తలపెట్టకండి, వేడికి పెళుసుదనం ఇంకా పెరుగుతుంది.

సిరా కారే రకమైతే తేమ లేకుండా, విప్పగలిగినంతే విప్పి, మడత మడతకూ ఫొటో తీసి, ముక్కలను తెరమీద కలుపుకోవడమే క్షేమం.

ప్రశ్న: దీనికి లామినేషన్ చేయిస్తే శాశ్వతంగా ఉంటుందా?

శాశ్వతంగా ఉండేది ప్లాస్టిక్కే. లోపల కాగితం తన ఆమ్లంతో తాను పాడవుతూనే ఉంటుంది, మళ్లీ బయటికి తీయలేరు. పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవరులో వదులుగా పెట్టుకోండి. వాసన వచ్చే మెత్తటి పీవీసీ కవరు వద్దు, అది ప్రింటు అక్షరాలను, జిరాక్సు ఇంకును తనకు అంటించుకుంటుంది.

ప్రశ్న: నోటుబుక్కులో ఒక పేజీ నిండా రాసుకున్నట్టు బాగా గుర్తు. ఇప్పుడు చూస్తే పేజీ తెల్లగా ఉంది, పెన్ను నొక్కిన గీతలు మాత్రం కనిపిస్తున్నాయి. చెరిగిపోయే పెన్నుతో రాసిన గుర్తు. పుస్తకం చాలాకాలం ఎండలో నిలిపిన కారులో ఉంది.

ఇన్ని ఉత్తరాల్లో మీ కేసే సులువైనది. ఫ్రిక్సియన్ లాంటి పెన్నుల సిరా నిజానికి చెరగదు. రుద్దినప్పుడు పుట్టే వేడికి రంగు కోల్పోతుంది, అంతే. సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటితే రంగు మాయం. ఎండలో తలుపులు మూసిన కారులో డ్యాష్‌బోర్డు మీద ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. బాగా చల్లబడితే రంగు తిరిగి వస్తుంది. మైనస్ 10 డిగ్రీల దగ్గర మొదలై మైనస్ 20 దగ్గరికి దాదాపు పూర్తవుతుంది. ఫ్రిజ్ కింది అరలు చాలవు, ఫ్రీజరు కావాలి.

పుస్తకాన్ని జిప్ కవరులో పెట్టి, గాలి నొక్కేసి, ఫ్రీజరులో ఒక రాత్రి ఉంచండి. బయటికి తీశాక వెంటనే కవరు విప్పొద్దు. చల్లటి కాగితం మీద గాలిలోని తేమ నీరై చేరుతుంది. గది వేడికి వచ్చేదాకా, అంటే రెండు మూడు గంటలు, మూసే ఉంచండి. తేలిన అక్షరాలు మామూలు గది వేడిలో నిలుస్తాయి. అయినా వెంటనే ఫొటో తీసుకోండి, ఇంకో ఎండాకాలం వస్తే మళ్లీ అదే కథ.

ఒక హెచ్చరిక. అప్పట్లో మీరు కావాలని చెరిపేసిన వాక్యాలు కూడా కొత్త వాక్యాల కింద తేలతాయి. రెండు రాతలూ కలిసి గజిబిజిగా కనిపిస్తే కంగారు పడకండి. పేజీని ఎవరికైనా చూపించాలనుకుంటే మాత్రం ముందు మీరు చదువుకోండి.

ప్రశ్న: నీలం బాల్‌పెన్ రాత వెలిసి, కాగితం పసుపెక్కింది. సగం మాటలు కనబడటం లేదు.

రెండు దారులు. ఒకటి రంగు దారి. స్కానర్‌లో 600 డీపీఐ దగ్గర కలర్‌లో స్కాన్ చేయండి. బ్లాక్ అండ్ వైట్ పెట్టారంటే ఉన్న సమాచారం అక్కడే పోతుంది. ఫొటో ఎడిటింగ్ యాప్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లను, అంటే బొమ్మలోని రంగు పొరలను, విడదీసి ఎరుపు చానెల్ ఒక్కటే చూడండి. పసుపు కాగితం అందులో దాదాపు తెల్లగా, నీలం సిరా నల్లగా వస్తుంది. ఆ బొమ్మకు కాంట్రాస్టు పెంచితే చాలాసార్లు మాటలు లేచి నిలబడతాయి. నీలం చానెల్ చూస్తే సరిగ్గా తిరగబడుతుంది, పసుపుతనమే నల్లగా వచ్చి సిరా కలిసిపోతుంది.

రెండోది గాడి దారి. బాల్‌పెన్ బంతి కాగితంలో సన్నటి గాడి తీస్తుంది, సిరా పోయినా గాడి ఉంటుంది. గది చీకటి చేసి, కాగితాన్ని బల్ల మీద పరిచి, టార్చిని బల్లకు దాదాపు ఆనించి పక్కనుంచి వెలుతురు పారించండి. గాడి ఒక అంచు వెలిగి, రెండో అంచు నీడ అవుతుంది. నాలుగు పక్కల నుంచీ నాలుగు ఫొటోలు తీయండి. అడ్డగీతలు ఒక దిక్కు వెలుతురులో తేలితే నిలువుగీతలు మరో దిక్కులో తేలతాయి. తలకట్టు, గుడి, ఒత్తు వేర్వేరు ఫొటోల్లో దొరకడం మామూలే. పెన్సిలు పొడి రుద్ది గాడి చూసే పాత చిట్కా మాత్రం చేయొద్దు, గాడిలో పొడి దిగాక మళ్లీ రాదు.

ప్రశ్న: రసీదు వెనక రాసుకున్నాను. ముందువైపు తేదీ ఉండేది, ఇప్పుడు అంతా ఖాళీ. వేడి చేస్తే వస్తుందంటున్నారు, నిజమేనా?

ఆ రసీదు థర్మల్ కాగితం. దానిమీద సిరా అంటూ ఉండదు, పూతలోని రసాయనాలు వేడికి కలిసి నల్లబడితే అదే అక్షరం. వేడి చేస్తే అక్షరాలతో పాటు ఖాళీ జాగా కూడా నల్లబడుతుంది, ఆపైన ఏమీ మిగలదు. కలర్ స్కాన్ తీసి ఈసారి నీలం చానెల్ చూడండి, ఒక్కోసారి పసుపుచాయ ఆనవాళ్లు దొరుకుతాయి. దొరకకపోతే తేదీ పోయినట్టే. వెనక పెన్ను రాత మాత్రం క్షేమం.

ప్రశ్న: చీటీ మీద 'శుక్రవారం, మార్చి 14' అని ఉంది. సంవత్సరం లేదు. కనిపెట్టొచ్చా?

వారం, తేదీ రెండూ ఉంటే సగం పని అయినట్టే. ఏ తేదీ అయినా అదే వారానికి తిరిగి రావడానికి మామూలుగా 5, 6 లేదా 11 ఏళ్లు పడుతుంది, మధ్యలో లీపు సంవత్సరాలు ఎన్ని పడ్డాయన్నదాన్ని బట్టి. 1986 నుంచి చూస్తే మార్చి 14 శుక్రవారం పడింది 1986, 1997, 2003, 2008, 2014, 2025 సంవత్సరాల్లో. ఇక మీకు మిగిలింది ఆరింటిలో ఒకటి ఎంచుకోవడం.

అందుకు వస్తువే సాక్ష్యం చెబుతుంది. అంటించి పీకే పసుపు చీటీలు 1980 నుంచి విరివిగా అమ్మకానికి వచ్చాయి. జెల్ పెన్నులు 1984లో వచ్చాయి. చెరిగే ఫ్రిక్సియన్ పెన్ను 2006కు ముందు లేదు. ఇవి 'ఇంతకు ముందు కాదు' అని మాత్రమే చెబుతాయి, 'ఇప్పుడే' అని చెప్పవు. అంతకన్నా గట్టి సాక్ష్యం చీటీలోని విషయం. అందులో ఉన్న పేర్లు, అప్పటి ఉద్యోగం, అద్దె ఇల్లు, ఫోన్ నంబరు. ప్యాడ్‌లోంచి చింపిన కాగితమైతే పైన చెప్పిన పక్కవాటు టార్చి వెలుతురులో చూడండి. పై పేజీ మీద రాసిన తేదీ గాడిగా ఈ పేజీలోకి దిగి ఉండొచ్చు.

తేల్చిన సంవత్సరాన్ని చీటీ మీద రాయకండి. కవరు మీద పెన్సిలుతో, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, ఎలా తేల్చారో ఒక ముక్కతో రాయండి. పదేళ్ల తర్వాత 'ఇదెవరు చెప్పారు?' అని అడిగేది మీరే.

ప్రశ్న: 2002లో కంప్యూటర్‌లో తెలుగులో టైపు చేసుకున్న ఉత్తరం పాత సీడీలో దొరికింది. తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, వాటి మీద టోపీలు, చుక్కలు. ఫైలు పాడైందా?

పాడవలేదు. ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్ పద్ధతిలో తెలుగు 1991 నుంచే ఉన్నా, ఇళ్లలో, డీటీపీ సెంటర్లలో చాలాకాలం నడిచింది అను, శ్రీలిపి లాంటి పాత ఫాంట్లే. వాటిలో ఫైలు లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఫాంటు లేకపోతే తొడుగు ఊడి లోపలిది కనిపిస్తుంది.

ముందు ఫైలుకు కాపీ తీసి, కాపీ మీదే పని చేయండి. వర్డ్ ఫైలైతే ఆ పిచ్చి అక్షరాలను సెలెక్ట్ చేసి ఫాంటు పేరు గడి చూడండి. ఫాంటు మీ దగ్గర లేకపోయినా పేరు అక్కడ కనిపిస్తుంది. ఆ ఫాంటే, ఆ వెర్షనే సంపాదించి ఇన్‌స్టాల్ చేయండి. అనులో వెర్షన్ మారితే అక్షరాల అమరిక కూడా మారుతుంది, అందుకే ఒక్కోసారి సగం సరిగ్గా, సగం చిందరవందరగా వస్తుంది. తెలుగు కనిపించగానే ముందు పీడీఎఫ్ చేసుకోండి, అదే మీ అసలు ప్రతి. ఆ తర్వాతే యూనికోడ్ కన్వర్టర్‌కు ఇవ్వండి. మార్చాక ఒత్తులు, ముఖ్యంగా రవొత్తు, క్ష, ఐత్వం పీడీఎఫ్‌తో పోల్చి చూసుకోండి. తప్పులు ఎక్కువగా అక్కడే.

చాలామంది ఇరుక్కునే గుంట ఒకటుంది. వర్డ్‌లో ఆటో కరెక్ట్ ఆన్‌లో ఉంటే, మీరు ఏదైనా టైపు చేసి సరిచేయబోయినప్పుడు అది చిన్న ఇంగ్లీషు అక్షరాన్ని పెద్దదిగా, మామూలు కోట్ గుర్తును వంకర కోట్‌గా దిద్దేస్తుంది. దాని దృష్టిలో అది ఇంగ్లీషు. మీ ఉత్తరంలో మాత్రం ఒక తెలుగు అక్షరం పోయి మరొకటి వచ్చి కూర్చుంటుంది. ఆటో కరెక్ట్ ఆపాకే పని మొదలెట్టండి. మూసేటప్పుడు సేవ్ చేయాలా అని అడిగితే వద్దనండి.

నోట్‌ప్యాడ్ ఫైలైతే ఫాంటు పేరు లోపల ఉండదు. ఒక్కో ఫాంటు పెట్టి చూసుకోవడమే. ఇక ఫైలు తేదీ సంగతి. 'క్రియేటెడ్' అన్నది కాపీ చేసిన రోజుకు మారిపోతుంది, దాన్ని నమ్మకండి. 'మాడిఫైడ్' తేదీ కాస్త నమ్మదగింది.

ప్రశ్న: చీటీ నిండా పొడి అక్షరాలే. 'క.కి చెప్పొద్దు, 3 అయ్యాక చూడు' అని ఉంది. రాసింది నేనే, అర్థం కావడం లేదు.

ఎవరినీ అడగకముందే మీకు తోచిన అర్థాలన్నీ వేరే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒకసారి ఎవరైనా 'క. అంటే కమల కదా' అన్నారంటే ఇక మీ బుర్రకు వేరే పేరు తట్టదు. అది గుర్తుకు రావడమో, వాళ్ల మాటను మీరు ఒప్పుకోవడమో తేల్చుకోలేరు. ఆ తర్వాత అదే కాలం నాటి మీ ఇతర రాతలు, లెక్కల పుస్తకం, డైరీ పక్కన పెట్టుకోండి. మనిషి పొడి అక్షరాలను ఊరికే మార్చడు, ఒకచోట విప్పి రాసినవే మరోచోట ముడి వేస్తాడు.

అది పాస్‌వర్డ్ సూచన అయితే, తోచిన ప్రతిదీ కొట్టి చూడకండి. కొన్ని తప్పు ప్రయత్నాలకే ఖాతా లాక్ అవుతుంది. ముందు కాగితం మీద మూడు నాలుగు గట్టి ఊహలకు తగ్గించుకోండి.

ప్రశ్న: ఇరవై రెండేళ్ల వయసులో తీసుకున్న ఒక నిర్ణయం గురించి నాకు నేను రాసుకున్నది చదివాను. ఎంత తెలివితక్కువగా ఆలోచించానో చూస్తే సిగ్గుగా ఉంది. చింపేయాలనిపిస్తోంది.

చింపే హక్కు మీదే. నెల ఆగి చింపండి. అప్పటిదాకా కవరులో పెట్టి, తేదీ వేసి, కంటికి కనపడని చోట ఉంచండి.

ఈలోగా చీటీని మళ్లీ ఒకసారి చదవాల్సిన పద్ధతి ఒకటుంది. ఆ రోజుకు మీకు తెలిసిన విషయాల కింద ఒక రంగు గీత, ఆ తర్వాతే తెలిసినవాటిని వేరే కాగితం మీద. గీతలు ఫొటో ప్రింటు మీద గీయండి, అసలు మీద కాదు. ఫలితం తెలిసినవాడికి అది ముందే తెలిసి ఉండాల్సిందనిపిస్తుంది. బారూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వవేత్త 1975లోనే దీన్ని ప్రయోగాలతో చూపించాడు. మీరిప్పుడు తెలివితక్కువ అంటున్నదాంట్లో చాలా భాగం రెండో కాగితం మీదికి పోతుంది. పోకుండా మిగిలినది ఉంటే, అది నిజంగా తప్పే, ఒప్పుకోండి.

జ్ఞాపకం అవసరాన్ని బట్టి సర్దుకుంటుంది, చీటీ సర్దుకోదు. దాన్ని ఉంచమనడానికి మా కారణం అదొక్కటే. కాకపోతే చీటీలో ఉన్నది బాధ అయి, ఆ బాధ ఇప్పటికీ అలాగే ఉండి నిద్ర, తిండి చెడుతుంటే, అది కాగితంతో తేలే విషయం కాదు. మానసిక వైద్యులను కలవండి.

ప్రశ్న: పదేళ్ల తర్వాత చదువుకోవడానికి ఇప్పుడొకటి రాయాలనుకుంటున్నాను. ఏం రాయాలి, దేనితో రాయాలి?

ఆదేశాలు, ప్రతిజ్ఞలు తగ్గించండి. 2013లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 18 నుంచి 68 ఏళ్ల వారు, 19 వేల మందికి పైగా పాల్గొన్నారు. గడిచిన పదేళ్లలో చాలా మారామని అన్ని వయసులవారూ ఒప్పుకున్నారు, రాబోయే పదేళ్లలో పెద్దగా మారబోమనీ అనుకున్నారు. మీరు ఇప్పుడిచ్చే ఆదేశం అందుకునే మనిషి మీరు ఊహించిన మనిషి కాకపోవచ్చు.

మామూలు రోజును రాయండి. పొద్దున ఎన్నింటికి లేస్తున్నారు, బల్ల మీద ఏముంది, ఎవరితో రోజూ మాట్లాడుతున్నారు, ఏ చిన్న విషయం విసిగిస్తోంది. 2014లో సైకలాజికల్ సైన్స్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనంలో, మామూలు సంగతులు రాసి దాచుకున్నవారు వాటిని తర్వాత చూసుకోవడం తమకు ఎంత ఆసక్తిగా ఉంటుందో ముందుగా తక్కువ అంచనా వేశారు. పెద్ద సంఘటనలు ఎలాగూ గుర్తుంటాయి. పేర్లు పూర్తిగా, తేదీ సంవత్సరంతో సహా రాయండి. ఎందుకో పైన సంవత్సరం లేని చీటీ, పొడి అక్షరాల చీటీ చెప్పాయి.

పెన్సిలు మంచిది. అందులోని గ్రాఫైటు కార్బనే, వెలవదు, కారదు. హెచ్‌బీ చాలు. పెన్నే కావాలంటే పిగ్మెంట్ సిరా (నీటిలో కరగని రంగుపొడితో చేసిన సిరా) పెన్ను, లేదా పత్రాల కోసం ఉద్దేశించిన, ఐఎస్ఓ 12757-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ముద్రించిన బాల్‌పెన్. కాగితానికి ఆమ్లరహితం అని ఉండాలి, ఐఎస్ఓ 9706 ముద్ర ఉంటే మరీ మంచిది. ఒకవైపే రాయండి. మడవాల్సి వస్తే, మడత వచ్చేచోట రెండు వరుసలు ఖాళీ వదిలి, ఒకే మడత పెట్టండి. స్టేపుల్, జెమ్ క్లిప్, రబ్బరుబ్యాండు, సెల్లో టేపు ఏదీ వద్దు. ఇనుము తుప్పై, రబ్బరు కరిగి, టేపు జిగురు పసుపై కాగితంలోకి దిగుతాయి. పైకప్పు కింది అటకా వద్దు, తడి గోడకు ఆనిన బీరువా కింది అరా వద్దు.

మెయిల్‌లో దాచుకుంటానంటే ఒక షరతు. గూగుల్ ఖాతాను రెండేళ్లు ముట్టకపోతే, దాన్నీ అందులో ఉన్నవాటినీ తొలగించే నియమం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. 'భవిష్యత్తు కోసం' అని ప్రత్యేకంగా తెరిచి మరిచిపోయే ఖాతాలకు సరిగ్గా ఇదే జరుగుతుంది. రోజూ వాడే ఖాతాలోనే ఉంచండి, ఒక ప్రింటు కూడా తీయండి.

ప్రశ్న: 'నలభై ఏళ్లు నిండాక విప్పు' అని రాసి అంటించిన కవరు దొరికింది. నాకిప్పుడు ముప్పై ఆరు. విప్పనా?

వేళ్లతో తడిమి చూడండి. లోపల స్టేపుల్, క్లిప్ లాంటి గట్టిది తగిలితే ఇప్పుడే విప్పండి, ఈ నాలుగేళ్లూ తుప్పుకు అదనపు గడువు అవుతాయి. ముక్కవాసన వచ్చినా అంతే. ఇవేవీ లేకపోతే మాటకు కట్టుబడి ఆగొచ్చు, కవరు ఫొటో తీసి, ఎక్కడ పెట్టారో రోజూ చూసేచోట రాసుకుని.

విప్పేటప్పుడు ఆవిరి పట్టి జిగురు ఊడదీయకండి, లోపలి సిరా కూడా కదులుతుంది. కవరును నిలబెట్టి బల్ల మీద తట్టి కాగితాన్ని ఒక చివరికి జార్చండి. రెండో చివర, పొట్టి అంచు మీద పల్చటి బ్లేడుతో కోయండి. అంటించిన మూత, మీద మీరు రాసిన మాట అలాగే మిగులుతాయి.